వేరే దారిన వచ్చినవారికీ చోటుంది

చంద్రపూర్ తెలుగు యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం

  

బల్లార్‌పూర్, దుర్గాపూర్, ఘుగ్గుస్, రాజురా. ఈ చుట్టుపక్కల ఏ తెలుగు సంఘానికి వెళ్లినా ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, మా అమ్మాయి బి.కాం. చదివింది, ఇప్పుడు కంప్యూటర్ వైపు వెళ్తానంటోంది, అవుతుందా?" "మావాడు బి.ఎస్సీ. జువాలజీ, డేటా సైన్స్ చదువుతానంటున్నాడు, పిచ్చి కాదు గదా?" అడిగేవారి గొంతులో ఆశ ఉంటుంది, భయమూ ఉంటుంది. ఇంట్లో ఒకరి గని జీతం మీదో, మిల్లు పెన్షన్ మీదో నడిచే కుటుంబాలు మనవి. ఒక్క తప్పు అడుగుకు పదేళ్ల అప్పు పడుతుంది. అందుకని ఈ ప్రశ్నకు ఉత్త ప్రోత్సాహపు మాటలు చెప్పి పంపించడం మాకు న్యాయంగా తోచలేదు. తెలిసినంత వివరంగా చెప్పడానికి వచ్చాం.

ముందుగా మన తెలుగువాడి కథ ఒకటి. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకమంతా సి.ఆర్.రావు అని పిలిచే గణాంక శాస్త్రవేత్త, 1920లో హడగలిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నంలలో చదివారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం ఎం.ఏ. పూర్తి చేశారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. సైన్యానికి సంబంధించిన సర్వే విభాగంలో గణితం తెలిసినవారు కావాలంటే అక్కడ ప్రయత్నించారు. వయసు చాలదని తీసుకోలేదు. అక్కడ బస చేసినచోట పరిచయమైన ఒకాయన ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. 1941 జనవరిలో అందులో శిక్షణకు చేరారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1945లో, ఈ రోజుకీ ప్రపంచమంతటా విద్యార్థులు చదివే ఫలితాలు ప్రచురించారు. 2023లో గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమానం అందుకుని, అదే ఏడాది 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ సంస్థను 1931లో స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ కేంబ్రిడ్జిలో చదివింది భౌతికశాస్త్రం. అంటే మన దేశంలో గణాంకశాస్త్రానికి ఇల్లు కట్టిన మనిషి, అందులో పేరు తెచ్చుకున్న తెలుగువాడు, ఇద్దరూ మరో చదువు నుంచి ఇటు వచ్చినవారే. దారి మార్చుకోవడం వింత కాదు. అయితే ఈ కథలో ఇంకొక పాఠం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఇద్దరి చేతిలోనూ గణితం ఉంది. సబ్జెక్టు మారినా పునాది మారలేదు. మీరు ఏ డిగ్రీ చదివారన్నది మొదటి ప్రశ్నే. గణితం ఎంత వచ్చు అన్నది దానికంటే పెద్ద ప్రశ్న.

ఇప్పుడు ఒక్కొక్క తలుపూ చూద్దాం.

మొదటిది ఎం.సి.ఎ. ఒకప్పుడు మూడేళ్లుండేది, 2020-21 నుంచి రెండేళ్లు చేశారు. ఎ.ఐ.సి.టి.ఇ. నియమం ప్రకారం బి.సి.ఎ. వాళ్లే కాదు, బి.ఎస్సీ., బి.కాం., బి.ఏ. చదివినవారు కూడా చేరవచ్చు. పన్నెండో తరగతిలో గాని, డిగ్రీలో గాని గణితం చదివి ఉంటే మేలు. మార్కులు 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 45. కంప్యూటర్ నేపథ్యం లేనివారికి విశ్వవిద్యాలయాలు బ్రిడ్జి కోర్సు పెడతాయి. మహారాష్ట్రలో దీనికి ఎం.ఎ.హెచ్. ఎం.సి.ఎ. సి.ఇ.టి. రాయాలి. తెలంగాణ, ఆంధ్ర కళాశాలలకైతే ఐసెట్. ఎన్.ఐ.టి.లలో చేరాలంటే నిమ్‌సెట్ అనే వేరే పరీక్ష ఉంది. దానికి మాత్రం డిగ్రీలోనే గణితం లేదా స్టాటిస్టిక్స్ ఉండాలి, మార్కులు 60 శాతం, ఎస్సీ ఎస్టీలకు 55. మనకు రైలెక్కితే ఒక్క పగటి ప్రయాణంలో ఉన్న వరంగల్ ఎన్.ఐ.టి.లోనూ, రాయ్‌పూర్ ఎన్.ఐ.టి.లోనూ ఈ కోర్సు ఉంది. ఆ పరీక్షలో అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలు గణితంవే. కంప్యూటర్ ప్రశ్నలు కొద్దిగానే ఉంటాయి. అంటే బి.ఎస్సీ. గణితం చదివిన గనికార్మికుడి కొడుకు, పట్నంలో బి.సి.ఎ. చదివిన పిల్లవాడికంటే అక్కడ వెనుకబడి ఏమీ లేడు.

రెండోది ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్స్. ఇక్కడ తలుపు కొంచెం ఇరుకు. డిగ్రీలో గణితం లేదా స్టాటిస్టిక్స్ లేనివారిని చాలాచోట్ల తీసుకోరు. ఐ.ఐ.టి.లలో చేరడానికి ప్రతి ఫిబ్రవరిలో జామ్ పరీక్ష జరుగుతుంది, అందులో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు రాయాలి. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. పరీక్ష ఎవరైనా రాయవచ్చు గాని, సీటు ఇచ్చేటప్పుడు ఒక్కో ఐ.ఐ.టి. తన షరతులు చూస్తుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.స్టాట్. కష్టమైన పరీక్ష, ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. కానీ అక్కడ ట్యూషన్ రుసుము అడగకుండా, తిరిగి నెలకు కొంత స్టైపెండ్ ఇచ్చే సంప్రదాయం ఉంది. పేద ఇంటి పిల్లలకు ఆ మాట తెలియకపోవడం వల్లనే చాలామంది దరఖాస్తు దాకా కూడా వెళ్లరు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు, అంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి వాటికి, సి.యు.ఇ.టి. పీజీ పరీక్ష ఉంది.

ఇక గణితం పదో తరగతితోనే ఆగిపోయిన వారి సంగతి. ఈ గదిలో వారే ఎక్కువ అని మాకు తెలుసు. మీకు ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, అంతే. ఎన్.ఐ.ఒ.ఎస్. సార్వత్రిక పాఠశాలలో పన్నెండో తరగతి గణితం ఒక్క సబ్జెక్టునే తీసుకుని రాయవచ్చు. అయితే మీరు చేరాలనుకున్న విశ్వవిద్యాలయం దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందుగా ఈమెయిల్‌లో అడిగి, వారి జవాబు దాచుకోండి. నోటిమాట నమ్మవద్దు. ఐ.ఐ.టి. మద్రాసు 2020లో డేటా సైన్స్‌లో ఆన్‌లైన్ బి.ఎస్. డిగ్రీ మొదలుపెట్టింది. దానికి జె.ఇ.ఇ. అక్కర్లేదు. పన్నెండు పాసై, పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి ఉంటే చాలు. కొన్ని వారాలు పాఠాలు విని అర్హత పరీక్ష దాటితే సీటు వచ్చినట్టే. కుటుంబ ఆదాయాన్ని బట్టి రుసుములో పెద్ద మినహాయింపులు కూడా ఉన్నాయి. నడుమ ఆపేసినా డిప్లొమాతో బయటకు రావచ్చు. 2022 నుంచి యు.జి.సి. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి అనుమతిచ్చింది గనుక, ఇక్కడ గోండ్వానా విశ్వవిద్యాలయం కింద బి.కాం. చదువుతూనే అదీ చదవవచ్చు. ఎన్‌.పి.టి.ఇ.ఎల్. పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. ముందు కలనగణితం, తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, ఆ తర్వాత ప్రాబబిలిటీ, వీటితోపాటు పైథాన్. ఈ వరుసలో వెళ్లండి. ఈ నాలుగూ లేకుండా డేటా సైన్స్ అని అమ్మే మూడు నెలల కోర్సులకు అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టవద్దు.

దరఖాస్తులో అందరూ తడబడేది ఉద్దేశ పత్రం దగ్గర. మీరు ఎవరు, ఎందుకు ఈ చదువు అని ఒకటి రెండు పేజీలు రాయమంటారు. మన పిల్లలు రెండు విధాలుగా రాస్తున్నారు. కొందరు గని బస్తీని పూర్తిగా దాచేసి, నెట్‌లో దొరికిన ఇంగ్లీషు పేజీని దించేస్తారు. ఇంకొందరు పేదరికాన్ని ఒక్కటే పేజీ నిండా నింపుతారు. చదివే ప్రొఫెసర్‌కు ఈ రెండింటివల్లా మీరు ఏం చేయగలరో తెలియదు. మీ జీవితంలో లెక్కతో, సమాచారంతో మీరు నిజంగా చేసిన పని ఏదైనా చెప్పండి. బి.కాం. చదివిన అమ్మాయి మహిళా పొదుపు సంఘం పుస్తకాలు మూడేళ్లు రాసి ఉంటే, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఎవరి బాకీ ఎప్పుడు ఆలస్యమవుతుందో పట్టిక వేసి ఉంటే, అది గొప్ప వాక్యం. జువాలజీ విద్యార్థి బయోస్టాటిస్టిక్స్ పేపరు చదివే ఉంటాడు, దాన్ని పేరు పెట్టి చెప్పాలి. సిఫార్సు లేఖలు కూడా అంతే. పెద్ద హోదా ఉన్నవారి లేఖ కంటే, మీకు పాఠం చెప్పి మీ పని చూసిన అధ్యాపకుడి లేఖ మేలు. దయచేసి పాస్టరు దగ్గర నడవడి లేఖ తీసుకుని అదే చాలుననుకోవద్దు. మేము మీ మంచితనానికి సాక్ష్యం ఇవ్వగలం, మీ కోడ్‌కు ఇవ్వలేం.

చేసి చూపించే పని ఒకటి కావాలంటే మన ఊరే ఇస్తుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ వేస్తే, అంకలేశ్వర్, వాపి, ఘజియాబాద్ తర్వాత నాలుగో స్థానంలో చంద్రపూర్ 83.88తో నిలిచింది. ఇక్కడ 2,920 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, చుట్టూ బొగ్గు గనులున్నాయి. గాలి కొలిచే యంత్రాల అంకెలు మండలి వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఒక ఏడాది అంకెలు తీసుకుని, ఏ నెలలో, ఏ గంటల్లో దుమ్ము ఎక్కువగా ఉందో, యంత్రం ఎన్ని రోజులు పనిచేయలేదో చూసి ఒక నివేదిక రాయండి. ఆ పని మీ దరఖాస్తుకు బలం. మన బస్తీలో దగ్గుతో బాధపడే పెద్దల తరఫున అధికారుల ముందు పెట్టడానికి కూడా అది పనికొస్తుంది. మేము గణాంకాల చదువును కోరుకునేది జీతం కోసమే కాదు. మన గురించిన లెక్కలు ఇన్నాళ్లూ ఇతరులే రాశారు. ఆ లెక్క సరిగా ఉందో లేదో చూడగలిగిన మనిషి మన మధ్య ఒక్కరైనా ఉండాలి.

ఇక డబ్బు, ధ్రువపత్రాలు. ఇక్కడ కొన్ని చేదు నిజాలు చెప్పాలి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులను నేటికీ చేర్చలేదు. 1956 అక్టోబరు 16న డాక్టర్ అంబేద్కర్ ఇదే చంద్రపూర్‌లో వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. వారి మనుమలు మన పక్కింటివారే. వారికి విద్యార్థివేతనం దొరకడం న్యాయం, అదే బస్తీలో అదే అంటరానితనం భరించిన కుటుంబం బైబిలు పట్టుకున్నందుకు దొరకకపోవడం అన్యాయం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ ముడి విప్పమని సిఫారసు చేసింది. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. మన పోరాటం సాగుతుంది, సాగాలి. అంతవరకు ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారికి బి.సి.-సి గుర్తింపు ఉంది.

వలస వచ్చినవారికి రెండో ముడి ఉంది. మహారాష్ట్రలో ఎస్సీ ధ్రువపత్రానికి కుటుంబం 1950 ఆగస్టు 10 నాటికి ఈ రాష్ట్రంలో ఉన్నట్టు చూపించాలి, ఒ.బి.సి.లకు ఆ తేదీ 1967 అక్టోబరు 13. ఆ తర్వాత గనికి వచ్చిన తాతల మనుమలు ఇక్కడే పుట్టినా ఇక్కడి లెక్కలోకి రారు. 1990లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన మర్రి చంద్రశేఖరరావు కేసు మన తెలుగు విద్యార్థిదే. తండ్రి ఆంధ్ర నుంచి ప్రభుత్వరంగ ఉద్యోగానికి బొంబాయి వచ్చాడు, కొడుక్కి వైద్య కళాశాలలో ఎస్టీ హక్కు మహారాష్ట్రలో చెల్లదని కోర్టు చెప్పింది. కాబట్టి సొంత ఊరి ధ్రువపత్రం ఎక్కడ చెల్లుతుందో, ఇక్కడ ఏది వస్తుందో డిగ్రీ రెండో ఏడాదిలోనే తేల్చుకోండి. ఇక్కడ వృత్తి విద్యా కోర్సులకు కుల ధ్రువపత్రంతోపాటు వాలిడిటీ కూడా అడుగుతారు, దానికి నెలలు పడుతుంది. రాజురా వైపు పాత కుటుంబాలవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ తాలూకా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. మీ తాతల పాత కాగితాలు ఉర్దూలో ఉన్నాయని పారేయకండి.

మైనారిటీ విద్యార్థులు విదేశీ చదువుకు తీసుకునే అప్పుపై వడ్డీ భరించే పఢో పరదేశ్ పథకాన్ని కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. ఎస్సీ విద్యార్థులకు విదేశీ మాస్టర్స్ కోసం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. అందులో భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కూడా కొద్ది స్థానాలున్నాయి, చూసుకోండి. దేశంలో చదివేవారికి 2024 నవంబరులో ఆమోదం పొందిన పి.ఎం. విద్యాలక్ష్మి కింద, ఎంపికైన సంస్థల్లో సీటు వస్తే హామీ లేకుండా అప్పు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే వడ్డీలో 3 శాతం రాయితీ కూడా ఉంది.

విదేశాల సంగతి క్లుప్తంగా. ఇంగ్లండులో కంప్యూటర్ చదవనివారి కోసమే కన్వర్షన్ ఎం.ఎస్సీ. కోర్సులు ఉన్నాయి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం, నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం అలాంటివారి కోసం ప్రత్యేక మాస్టర్స్ నడుపుతున్నాయి. మన మూడేళ్ల డిగ్రీని అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు సరిపోదంటాయి, దరఖాస్తు రుసుము కట్టకముందే అడగండి. ఉద్యోగం చేస్తూ ఇంట్లో ఉండి చదవాలంటే జార్జియా టెక్ 2014 నుంచి ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ ఇస్తోంది. మొత్తం ఖర్చు దాదాపు 7,000 డాలర్లు, అక్కడికి వెళ్లి చదివే ఖర్చులో చిన్న భాగం.

ఏజెంటు మాట మీద వెళ్లినవారి గతి మన తెలుగువారికి బాగా తెలుసు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు అందులో చిక్కుకున్నవారిలో ఎక్కువమంది తెలుగు పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో 129 మంది భారతీయ విద్యార్థులను అరెస్టు చేశారు. అది అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన, పాఠాలే లేని బడి. అందులోకి పిల్లలను చేర్పించారని పట్టుబడిన ఎనిమిది మందీ తెలుగువారే. మనవాడే కదా అన్న నమ్మకాన్నే వాళ్లు అమ్ముకున్నారు. సంఘంలో కన్సల్టెన్సీవారు వచ్చి సాక్ష్యం చెప్పి కరపత్రాలు పంచితే పెద్దలు ఆపాలి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం ఇలాంటి చోటే అక్కరకొస్తుంది. రుసుము, గది అద్దె, తిండి, వడ్డీ, ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే ఏం చేస్తాం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరూ చదివాకే సంతకం పెట్టండి.

చివరగా తల్లిదండ్రులతో, పెద్దలతో ఒక మాట. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది గణితం చదువుకుంటానని అబ్బాయి అంటే ఖాళీగా ఉన్నాడని అనకండి. అమ్మాయి అంటే పెళ్లి చూపులు పెట్టకండి. మన పిల్లలు చాలామంది మరాఠీ మాధ్యమంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, పరీక్ష ఇంగ్లీషులో రాస్తున్నారు. వారికి కావలసింది నిశ్శబ్దంగా కూర్చునే చోటు. ఆదివారం తప్ప మిగతా ఆరు రోజులు మన మందిరాలు తాళం వేసి ఉంటున్నాయి. సాయంత్రం ఆరు నుంచి పది వరకు తెరిచి, రెండు పాత కంప్యూటర్లు, ఇంటర్నెట్టు, ఒక టేబులు పెట్టమని కోరుతున్నాం. అక్కడ బౌద్ధ, హిందూ, ముస్లిం ఇళ్ల పిల్లలు వచ్చినా కూర్చోనివ్వండి. వారానికి ఒకరోజు గణితం చెప్పడానికి మా బృందం మనుషులను పంపుతుంది. ఈ సాయంత్రమే పేర్లు రాసుకుంటున్నాం. పేరు పక్కన డిగ్రీ, పన్నెండులో గణితం ఉందో లేదో, ధ్రువపత్రాల్లో ఏవి చేతిలో ఉన్నాయో రాయండి. ఎవరికి ఏ తలుపు దగ్గరో చూసి వచ్చే నెల కూడికలో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాం.